చుక్కల మందు ఒక్కటే సరిపోదు

కళ్లు పొడిబారడంపై మీరు ప్రచురించిన వ్యాసం, కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుంటే చాలన్నట్టు ముగిసింది. రెప్పల్లోని నూనె గ్రంథులకు ఒక్క వాక్యమే దక్కడం బాధ కలిగించింది. చాలామందిలో అసలు లోపం అక్కడే ఉంటుంది. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉండే ఈ మైబోమియన్ గ్రంథుల నూనె, కన్నీరు ఆవిరైపోకుండా పైన పలుచని పొరలా పరుచుకుంటుంది. వాటి నోళ్లు పూడుకుపోతే నూనె చిక్కబడి, నొక్కినప్పుడు టూత్‌పేస్టులా వస్తుంది. వయసు, ముఖం ఎర్రబడే రొసేషియా అనే చర్మవ్యాధి, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, తెర చూస్తూ రెప్పలు సగమే మూయడం, అన్నీ కారణాలే.

ఈ నూనె కరగడానికి రెప్పలపై పెట్టే వేడి కాపడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. తడిగుడ్డ చాలా త్వరగా చల్లారిపోతుంది. చిక్కబడ్డ నూనె కరగాలంటే సుమారు 40 డిగ్రీల వేడి 5 నుంచి 10 నిమిషాలు నిలవాలి. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల అంచు వైపు మెల్లగా నిమరాలి. కనుగుడ్డుపై ఒత్తిడి పడకూడదు. తగ్గకపోతే వైద్యులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వంటివి రాస్తారు. ఒమేగా-3 మాత్రల మీద ఆశ పెట్టుకున్నవారు ఒకటి గమనించాలి: పొడి కళ్లవారిపై జరిగి 2018లో వెలువడిన డ్రీమ్ అనే అధ్యయనంలో అవి, పోలిక కోసం ఇచ్చిన ఆలివ్ నూనె కంటే మెరుగ్గా పనిచేయలేదు.

క్షీణించిన గ్రంథులు చాలావరకు తిరిగి రావు. అందుకే మంట మొదలైన తొలి రోజుల్లోనే, రెప్పల అంచులు కూడా చూడమని కంటి వైద్యులను అడగండి.