దారి చెప్పేది ఫోను, దారి ఇవ్వాల్సింది నగరం

హిందూపురం నుంచో ధర్మవరం నుంచో వచ్చే రైలు దిగి, మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి, కె.ఆర్.పురంలో దిగి పీజీ హాస్టల్‌కు ఒంటరిగా చేరుకునే చూపులేని యువతీయువకులు బెంగళూరులో ఇప్పుడు వింత కాదు. పోటీ పరీక్షల కోచింగ్‌కు వచ్చేవాళ్లు, కాల్‌సెంటర్లలోనో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనో పనిచేసేవాళ్లు వీరిలో ఉన్నారు. ఒకప్పుడు ఇంత దూరం రావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పని మానుకుని వెంట రావాల్సిందే. ఆ అవసరాన్ని చాలావరకు తగ్గించినవి తెల్లకర్ర, దానికి జతగా చేతిలోని స్మార్ట్‌ఫోను. ఈ మార్పును తక్కువ చేసి చూడలేం. అయితే ఫోను ఉంది కదా అని నగరం తన పనిని దాని మీదికి నెట్టేస్తోందన్నదే మా ఫిర్యాదు.

2009లో ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ వచ్చాక ఫోను తెర చూపులేని వారికీ పనికొచ్చింది. వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో చదివి వినిపిస్తుంది. రెండుసార్లు తడితే బటన్ నొక్కినట్టే. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసేది టాక్‌బ్యాక్. మన దేశంలో ఎక్కువమంది వాడేది అదే, తెలుగులోనూ చదువుతుంది. దారి చెప్పే యాప్‌లన్నీ ఈ గొంతు మీద ఆధారపడే నడుస్తాయి. 2012లో ఫిన్లాండ్ నుంచి బ్లైండ్‌స్క్వేర్ వచ్చింది. నడుస్తుంటే పక్కన ఏ దుకాణం ఉందో, ముందు ఏ కూడలి వస్తోందో చెబుతుంది. 2019 అక్టోబరులో, ప్రపంచ దృష్టి దినం నాడు, గూగుల్ మ్యాప్స్ నడిచేవారి కోసం మరింత వివరంగా మాట్లాడడం మొదలుపెట్టింది. మలుపు ఎంత దూరంలో ఉందో, సరైన దారిలోనే వెళ్తున్నారో లేదో, పెద్ద రోడ్డు దాటబోతున్నారా అన్నదీ చెప్పే సదుపాయం అది. మొదట అమెరికాలో ఇంగ్లిష్‌లోనూ, జపాన్‌లో జపనీస్‌లోనూ వచ్చింది. ఫుట్‌పాత్‌లు ఒక తీరుగా ఉన్న దేశాల్లోనే ముందు రావడంలో మాకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

ఈ వరసలో అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టింది, అంతే నిరాశ మిగిల్చింది మైక్రోసాఫ్ట్ వారి సౌండ్‌స్కేప్. 2018లో వచ్చిన ఈ యాప్ కుడికి తిరగండి, ఎడమకు తిరగండి అని ఆదేశాలు ఇచ్చేది కాదు. చేరాల్సిన చోటు ఎటువైపు ఉందో అటువైపు నుంచే చెవిలో ఒక చప్పుడు వినిపించేది. తల తిప్పితే ఆ చప్పుడు కూడా పక్కకు జరిగేది. దాంతో మనిషి తన దారి తానే ఎంచుకునేవాడు. ఐఫోన్‌లో మాత్రమే దొరికేది కాబట్టి మన దగ్గర వాడినవాళ్లు తక్కువే. 2023 జనవరిలో కంపెనీ దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేసింది, జూన్ నెలాఖరుకు సేవలూ ఆపేసింది. కోడ్‌ను అందరికీ వదిలిపెట్టడం ఒక మంచి పని; దాని మీదే ఇతరులు కొత్త పేర్లతో యాప్‌లు నడుపుతున్నారు. అయినా ఒక కంపెనీ ఒక మీటింగులో తీసుకున్న నిర్ణయంతో మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లే పద్ధతే మారిపోవాల్సి వస్తే, ఆ ఏర్పాటును భద్రమైనదని ఎలా అనుకోగలం? రోడ్లు, బస్సులు, స్టేషన్లు కంపెనీల ఇష్టానికి వదిలేయని మనం, వాటి గురించిన సమాచారాన్ని మాత్రం పూర్తిగా వాళ్లకే వదిలేశాం.

సాంకేతికతకు ఉన్న హద్దులు కూడా తెలియాలి. స్మార్ట్‌ఫోన్‌లోని జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోట కూడా సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. కారు నడిపేవారికి అది లెక్కలోకి రాదు. కాలినడకన వెళ్లే చూపులేని వ్యక్తికి ఆ 5 మీటర్లలో ఫుట్‌పాత్, మురుగు కాలవ, సగం రోడ్డు ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దాల భవనాలకు తగిలి సిగ్నల్ పక్కదారి పడుతుంది, మెట్రో వంతెన కింద మరీ తడబడుతుంది. కదలకుండా నిలబడితే మనిషి ఎటు తిరిగి ఉన్నాడో ఫోను దిక్సూచి మీదే ఆధారపడి చెప్పాలి. చుట్టూ ఇనుము ఉంటే ఆ దిక్సూచీ తప్పుతుంది. అలాంటి సమయంలో యాప్ తాపీగా ‘ఉత్తరం వైపు నడవండి’ అంటుంది. చూపున్నవాళ్లలో మాత్రం ఉత్తరం ఎటో తెలిసి నడిచేవాళ్లు ఎందరు?

గమ్యం చేరాక అసలు కష్టం మొదలవుతుంది. చేరుకున్నారు అని యాప్ ప్రకటిస్తుంది. గేటు ఎక్కడుందో చెప్పదు. కాంపౌండ్ గోడను తడుముకుంటూ వెళ్లేసరికి వాచ్‌మన్ ఎవరు కావాలని అరుస్తాడు. ఆటో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ‘పక్కన ఏముంది సార్, ఏ షాపు?’ సమాధానం చెప్పలేని ప్రశ్న అదొక్కటే. ఆటో రోడ్డుకు అవతలి పక్క ఆగి ఉంటుంది, మ్యాప్‌లో రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇక మన లేఔట్ల చిరునామాలు సరేసరి. ప్రతి లేఔట్‌లోనూ ఫస్ట్ క్రాస్, సెకండ్ మెయిన్ అనే పేర్లతో వీధులు ఉంటాయి. తప్పు లేఔట్‌లో సరైన క్రాస్‌కు చేర్చినా యాప్‌కు తేడా తెలియదు.

ఇక్కడి నుంచి ఫోను తప్పు కాదు. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకులు లేకుండా ఉండాలని, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బెంగళూరులో చాలాచోట్ల ఆ వెడల్పులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పక్కకు జరిగిన రాతి పలక ఉంటుంది, పలక లేని చోట కాలవ నోరు తెరుచుకుని ఉంటుంది. తెల్లకర్ర నేల మీద ఉన్నదాన్ని పట్టిస్తుంది కానీ ముఖం ఎత్తున వేలాడే కేబుల్ తీగను పట్టించలేదు. మోకాలి పైనున్న అడ్డంకులను శబ్ద తరంగాలతో పసిగట్టే స్మార్ట్‌కేన్‌ను ఐఐటీ ఢిల్లీ 2014లో బయటికి తెచ్చింది. అది మంచి సాధనం. ట్రాఫిక్ ఆగిపోగానే ఫుట్‌పాత్ ఎక్కి వెనక నుంచి హారన్ కొట్టే బైకును మాత్రం ఏ సాధనమూ ఆపలేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే చప్పుడు కూడా ఉండదు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వాహనాల చప్పుడు వినకుండా నడవడం ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. అందుకే చాలామంది ఒక చెవిలోనే పెట్టుకుంటారు, స్తోమత ఉన్నవాళ్లు చెవిని మూయకుండా ఎముక ద్వారా శబ్దం చేరవేసే హెడ్‌ఫోన్లు కొనుక్కుంటారు.

సాయం అడగడం లోటేమీ కాదు, చూపులేని వారికి ఒంటరిగా తిరగడం నేర్పే మొబిలిటీ ట్రైనింగ్‌లో అదీ నేర్పుతారు. మనవాళ్లకు సాయం చేసే గుణమూ ఉంది. కాకపోతే అడగకుండానే చెయ్యి పట్టి లాక్కెళ్లి, వాళ్లు దాటాలనుకోని రోడ్డు కూడా దాటించేస్తారు. లేదంటే ‘అదిగో, అక్కడే’ అని చేత్తో చూపించి వెళ్లిపోతారు. ‘సాయం కావాలా అండీ’ అని ముందు అడిగి, మన మోచేయి వాళ్లను పట్టుకోనిచ్చి, ఒక అడుగు ముందు నడిస్తే చాలు. డెన్మార్క్‌లో పుట్టి 2015 నుంచి నడుస్తున్న బీ మై ఐస్ యాప్ ఇదే సాయాన్ని వీడియో కాల్‌లో అందిస్తోంది. ఇప్పుడు ఫొటో తీస్తే కృత్రిమ మేధతో వర్ణించి చెబుతోంది కూడా. బోర్డు చదవడానికి, గేటు వెతకడానికి బాగా పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని రోడ్డు దాటకూడదని తయారు చేసినవాళ్లే హెచ్చరిస్తున్నారు.

చట్టం ఏమంటోంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రోడ్లు, రవాణా, సమాచార సాంకేతికత అన్నీ వారికి అందుబాటులో ఉండాలని చెప్పింది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పు కీలకమైనది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా మిగల్చకుండా తప్పనిసరి నియమాలుగా రూపొందించమంటూ కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని ఇదే కోర్టు చెప్పింది. రెండు వారాలకు, మే 14న, ఫుట్‌పాత్ మీద నడవడం కూడా అదే హక్కు కిందికి వస్తుందని, దివ్యాంగులకూ అవి అనువుగా ఉండాలని మరో ఉత్తర్వులో స్పష్టం చేసింది. అటు ఫోను హక్కే, ఇటు ఫుట్‌పాతూ హక్కే. ఒకటి చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టే వీలు నగర పాలకులకు లేదు.

నమ్మ మెట్రోను మెచ్చుకోవాలి. స్టేషన్లలో కర్రకూ పాదాలకూ తెలిసే పసుపు గీతల పలకలు ఉన్నాయి, వచ్చే స్టేషన్ పేరు వినిపిస్తుంది. ఆ పలకలు జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే ఆలోచన. 1967లో ఒకయామాలో అంధుల పాఠశాల దగ్గర తొలిసారి పరిచారు. మన దగ్గర అవి స్టేషన్ మెట్ల దగ్గరే ఆగిపోతాయి. మెజెస్టిక్‌లో భూమి లోపలి స్టేషన్‌లో జీపీఎస్ అందదు కాబట్టి లోపలి దారులు, లిఫ్టులు, గేట్లు మాటల్లో వివరించి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఇది కొత్త పరికరం కొనాల్సిన పని కాదు, ఉన్న ప్లానును చూసి రాస్తే చాలు.

బస్సు సంగతి కష్టం. బస్టాపులో ఒకేసారి మూడు బస్సులు వచ్చి ఆగితే ఏది ఏ నంబరో చూపులేని ప్రయాణికుడికి ఎవరు చెప్పాలి? సిటీ బస్సులు నడిపే సంస్థ వారి నమ్మ బీఎంటీసీ యాప్ బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. ఆ బస్సు తలుపు ఎక్కడుందో చూపించదు. దీనికి జవాబు మన పక్కనే ఉంది. ఐఐటీ ఢిల్లీలో పుట్టిన ఆన్‌బోర్డ్ పరికరంలో ప్రయాణికుడు బటన్ నొక్కితే దగ్గర్లో ఆగిన బస్సు నంబరు వినిపిస్తుంది. ఇంకోసారి నొక్కితే తలుపు దగ్గరి స్పీకరు మోగుతుంది, ఆ చప్పుడు వెంట వెళ్లి ఎక్కేయవచ్చు. ఈ పద్ధతిని మైసూరు సిటీ బస్సుల్లో ధ్వని స్పందన పేరుతో పెట్టారు. కొన్ని బస్సుల్లో పెట్టి ఊరుకుంటే లాభం లేదు. తాను ఎక్కాల్సిన బస్సులో ఆ పరికరం ఉందో లేదో తెలియని ప్రయాణికుడు మళ్లీ పక్కవాళ్లనే అడగాలి. కొత్తగా కొనే ప్రతి బస్సు టెండరులోనూ దీన్ని షరతుగా చేర్చాలి.

అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇంకొకటి ఉంది. బెంగళూరులో రోడ్డు తవ్వాలంటే అనుమతి ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. ఏ వీధిలో ఏ సంస్థ ఎన్నాళ్లు తవ్వుతుందో ముందే కంప్యూటర్‌లోకి ఎక్కుతోంది. గుంత ఎక్కడుందో ప్రభుత్వానికి తెలుసు, దాని వైపు నడుస్తున్న మనిషికే తెలియదు. ఈ సమాచారాన్ని, బస్సులు ఏ నిమిషంలో ఎక్కడున్నాయన్న లెక్కను, పాడైన లిఫ్టుల వివరాలను ఏ యాప్ అయినా ఉచితంగా తీసుకుని వాడుకునే రూపంలో విడుదల చేయాలి. అప్పుడు ఒక కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్లినా ఇంకొకరు ఆ పని అందుకుంటారు.

మన పాఠకులకూ ఇందులో ఒక పని ఉంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో యాప్‌లు తయారు చేసేవారిలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక బటన్‌కు పేరు రాయకుండా వదిలేస్తే టాక్‌బ్యాక్ దాన్ని ఉత్త ‘బటన్’ అని చదువుతుంది. అది డబ్బు కట్టే బటనో, ప్రయాణం రద్దు చేసే బటనో వినేవాళ్లకు తెలియదు. నిన్న పనిచేసిన యాప్ అప్‌డేట్ తర్వాత ఇలా మూగబోవడం చూపులేని వారికి రోజువారీ అనుభవం. యాప్‌లు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. రిలీజ్‌కు ముందు కళ్లు మూసుకుని టాక్‌బ్యాక్‌తో మీ యాప్‌ను ఒకసారి వాడి చూడడానికి ఏ మేనేజరు అనుమతీ అక్కర్లేదు.

నగరానికి ఇప్పుడు గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి. అన్ని రోడ్లూ ఒక్కసారిగా బాగుపడవని మాకూ తెలుసు. ఒక్కో కార్పొరేషన్ ఒక్కో దారిని ఎంచుకోవాలి. ఉదాహరణకు కె.ఆర్.పురం మెట్రో స్టేషన్ నుంచి రైల్వే స్టేషన్‌కు, అక్కడి నుంచి టిన్ ఫ్యాక్టరీ బస్టాపుకు ఉన్న దారి. రోజూ ఆ దారిన పోయే చూపులేని ప్రయాణికులను పిలిచి, కన్సల్టెంట్లకు ఇచ్చినట్టే వారికీ ఫీజు ఇచ్చి, ఫోనుతో, కర్రతో నడిపించాలి. ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసి బయటపెట్టాలి. బాగుచేశాక బిల్లు మంజూరు చేసే ముందు మళ్లీ వాళ్లనే నడిపించాలి, ఆ కాగితం మీద ఇంజనీరుతో పాటు వాళ్ల సంతకమూ ఉండాలి.