ఎవరికి అర్థం కాలేదో ఆ రోజే తెలియాలి

పాఠం అయిపోగానే "అందరికీ అర్థమైందా?" అని టీచర్ అడుగుతారు. ముందు బెంచీల నుంచి నలుగురైదుగురు అయిందంటారు. మర్నాడు కొత్త పాఠం మొదలవుతుంది. అర్థం కానివాళ్లు ఆ సమయంలో నోరు విప్పరు. అందరి ముందూ తెలివితక్కువవాళ్లలా కనిపిస్తామన్న భయం కొందరిది. తమకు ఏది అర్థం కాలేదో చెప్పడం కూడా చేతకాని అవస్థ ఇంకొందరిది. ఆ సంగతి ఎప్పుడో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు బయటపడుతుంది. అప్పటికి తరగతి ఎన్నో పాఠాలు దాటిపోయి ఉంటుంది. పిల్లలందరూ చదువులో నిలదొక్కుకోవడానికి టీచర్లు చేయగల పనులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఒకటి జరగాలని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఈ రోజు ఎవరికి అర్థం కాలేదో ఈ రోజే తెలుసుకోవాలి, కొత్త పాఠంలోకి వెళ్లకముందే దాన్ని సరిచేయాలి.

వెనకబాటు ఒక్కరోజులో వచ్చేది కాదు. భిన్నాలు రాని పిల్లవాడికి నిష్పత్తులు రావు, శాతాలు రావు, ఆ తర్వాత బీజగణితమూ రాదు. తడుముకుంటూ చదివే పిల్లకు సైన్స్, సోషల్ అన్నీ ఒకేసారి బరువవుతాయి. లెక్కల్లో వెనకబడిందనుకున్న అమ్మాయి నిజానికి లెక్క చేయగలదు, ప్రశ్న చదివి అర్థం చేసుకోలేకపోతోంది. ఈ తేడా కనిపెట్టని టీచర్ ఆమెతో మరిన్ని లెక్కలు చేయిస్తారు. లోపం ఉన్నచోటే ఉండిపోతుంది.

తప్పును చూసే తీరు కూడా మారాలి. 1/2కి 1/3 కలపమంటే చాలామంది పిల్లలు 2/5 అని రాస్తారు. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ కలపాలని వాళ్లు తమకు తామే ఒక సూత్రం అల్లుకున్నారు. దాన్ని కొట్టేసి పక్కన 5/6 అని రాసేస్తే, తప్పు చేశామన్నది తప్ప వాళ్లకు ఇంకేమీ తెలియదు. "సగానికి ఇంకొంత కలిపితే వచ్చేది సగం కంటే పెరగాలా, తగ్గాలా? మరి 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగి చూడండి. తన సూత్రం ఎక్కడ పొరబడిందో పిల్లవాడే పట్టుకుంటాడు. ఈ సంభాషణకు రెండు నిమిషాలు చాలు. అయితే ఆ తప్పు ఎవరు చేశారో అదే రోజు టీచర్ కంట పడాలి.

అందుకు ఖరీదైన సాధనాలేవీ అక్కర్లేదు. పిల్లలందరూ పలక మీదో కాగితం మీదో జవాబు రాసి ఒకేసారి పైకెత్తితే, చెయ్యెత్తే నలుగురి జవాబు కాకుండా తరగతి మొత్తం ఆలోచన టీచర్‌కు కనిపిస్తుంది. పీరియడ్ చివర్లో ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చి చీటీ మీద జవాబు రాయించుకోవచ్చు. ఆ చీటీలకు మార్కులు వేయొద్దు. వచ్చినవాళ్లు, సగం వచ్చినవాళ్లు, రానివాళ్లు అని విడదీసుకుంటే మర్నాడు మొదటి పది నిమిషాలు దేనికి వాడాలో తేలిపోతుంది. ఇలా బోధన సాగుతుండగానే పిల్లల అవగాహనను తెలుసుకుని, దాన్నిబట్టి బోధనను మార్చుకునే పద్ధతిపై పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ అనే పరిశోధకులు 1998లో సుమారు 250 అధ్యయనాలను పరిశీలించారు. పిల్లలందరికీ దీనివల్ల లాభముందనీ, వెనకబడినవాళ్లకు మరింత ఎక్కువ లాభమనీ తేల్చారు.

ప్రశ్న అడిగాక కాసేపు ఆగడం ఇంకా తేలికైన పని. కానీ అలవాటు కావడం కష్టం. అమెరికాలోని తరగతి గదులను గమనించిన పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ లోపు ఎవరూ పలకకపోతే ఇంకొకరిని అడగడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారు. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగిన తరగతుల్లో పిల్లల జవాబులు పెద్దవయ్యాయి. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పారు. నిదానంగా ఆలోచించే పిల్లలకు ఇన్నాళ్లూ దక్కనిది ఆ రెండు సెకన్లే.

ఇక మార్కుల సంగతి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లల పేపర్ల మీద సూచన మాత్రమే రాశారు, కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, మిగిలినవాళ్లకు రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది సూచన మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కు పక్కన ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి. "బాగా చదవాలి", "శ్రద్ధ పెట్టాలి" లాంటి రాతలను మేము సూచనల కింద లెక్కవేయం. ఏ మెట్టు దగ్గర పొరపాటు జరిగిందో, ఇప్పుడు ఏం చేయాలో చెప్పి, దిద్దుకోవడానికి తరగతిలోనే సమయం ఇస్తేనే అది సూచన.

"కొందరికి చదువు రాదు, వాళ్లను వదిలేయాలి" అనే మాట స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటను మేము ఒప్పుకోం. అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1968లోనే ఈ ఆలోచనను తిరగేశారు. బడి అందరికీ ఒకే సమయం ఇస్తుంది, అందుకే నేర్చుకునేది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నేర్చుకోవాల్సింది అందరికీ ఒకటే అనుకుంటే, సమయాన్నీ సాయాన్నీ ఒక్కొక్కరికి ఒక్కోలా ఇవ్వాలన్నది ఆయన వాదన. ఒక్కో పిల్లవాడికి విడిగా చెబుతూ, ఒక అంశం పట్టుబడ్డాకే తర్వాతిదానికి వెళ్లినప్పుడు, సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని ఆయన 1984లో రాశారు. అంత భారీ ఫలితం తర్వాతి పరిశోధనల్లో సాధారణంగా కనిపించలేదు. అయినా విడిగా అందే సాయం పిల్లలను ముందుకు తీసుకెళ్తుందన్న విషయం మాత్రం మళ్లీ మళ్లీ రుజువైంది. సగటున ఉన్నాడనుకున్న పిల్లవాడు సాయం దొరికితే అక్కడే ఉండిపోడు.

టీచర్ ఎవరి మీద ఎంత ఆశ పెట్టుకున్నారో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. బాగా చదువుతాడనుకున్న పిల్లవాడు తడబడితే టీచర్ ఆగుతారు, చిన్న క్లూ ఇస్తారు. రాదనుకున్న పిల్లవాడు తడబడితే పక్కవాడిని లేపుతారు. మంచి టీచర్లు కూడా తెలియకుండానే ఇలా చేస్తారు. కాబట్టి వారానికోసారి హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఈ వారం ఎవరిని ఒక్కసారైనా అడగలేదో చూసుకోవడం మేలు. భిన్నాలు రానివాళ్లను పది రోజులు విడిగా కూర్చోబెట్టి నేర్పడం మంచి పనే. వాళ్లను ఏడాది పొడవునా వేరే సెక్షన్‌లో పడేసి "డల్" అని పిలవడం వాళ్లకు అన్యాయం చేయడమే. ఒకసారి తగిలించిన ఆ పేరును పిల్లలు తామే నమ్మడం మొదలుపెడతారు.

పాఠంతో సంబంధం లేని కారణాలూ ఉంటాయి. బోర్డు కనిపించని పిల్లవాడు పక్కవాడి నోట్‌బుక్ చూసి రాసుకుంటాడు, కాపీ కొడుతున్నాడని తిట్లు తింటాడు. ఒక చెవి సరిగా వినిపించని పిల్ల పరధ్యానంగా ఉన్నట్టు కనిపిస్తుంది. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు తెలివిలో లోటు ఉండదు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని వాళ్లకు క్రమపద్ధతిలో, ఓపికగా నేర్పాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలకు పాఠమూ భాషా ఒకేసారి నేర్చుకోవాల్సిన టెన్షన్ ఉంటుంది. టీచర్లు వైద్యులు కానక్కర్లేదు. కానీ తల్లిదండ్రుల కంటే ముందే వీటిని గమనించగల చోట ఉన్నది వాళ్లే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కూడా మామూలు బడులే చేర్చుకోవాలని 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో జరిగిన సదస్సులో 92 దేశాల ప్రభుత్వాల ప్రతినిధులు అంగీకరించారు. బడిలో పేరు రాసుకున్నంత మాత్రాన ఆ మాట నిలబెట్టుకున్నట్టు కాదు.

ఇంతా చదివిన టీచర్లు ఒక ప్రశ్న వేస్తారని మాకు తెలుసు. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? తరగతి నిండా పిల్లలుంటే చీటీలు ఎప్పుడు చూడాలి? న్యాయమైన ప్రశ్నే. ఇన్నాళ్లూ టీచర్లను కొలిచింది ఎన్ని పాఠాలు చెప్పారన్న లెక్కతోనే. రిజిస్టర్లు నింపడంలోనే వాళ్ల సమయం కరిగిపోతున్నప్పుడు పిల్లల తప్పుల గురించి ఆలోచించమనడం అన్యాయం. పాఠ్యప్రణాళిక రాసేవాళ్లు అంశాలు తగ్గించి, ప్రతి కొన్ని వారాలకు కొత్త పాఠమేదీ లేని రోజులు కేటాయించాలి. ఆ రోజుల్లో వెనకబడినవాళ్లు అందుకుంటారు. ముందున్నవాళ్లు అదే అంశంలో మరింత కఠినమైన సమస్యలు చేస్తారు. తోటివాళ్లకు వివరించి చెబితే తమకూ మరింత బాగా అర్థమవుతుంది కాబట్టి వాళ్లకు నష్టమేమీ ఉండదు. ప్రధానోపాధ్యాయులు టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పీరియడ్ టీచర్లకే కేటాయించాలి. ఒకే తరగతికి చెప్పేవాళ్లంతా అప్పుడు కూర్చుని, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో మాట్లాడుకోవాలి. తనిఖీకి వచ్చే అధికారులు సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే ముందు, తరగతిలో అందరికంటే వెనకున్న విద్యార్థి నోట్‌బుక్ తీయించి చూడాలి. గత నెలకూ ఈ నెలకూ అందులో వచ్చిన మార్పు గురించి టీచర్‌తో మాట్లాడాలి. మార్పు లేకపోతే సంజాయిషీ అడగడం కాదు, ఏం సాయం కావాలో అడిగి, దాన్ని సమకూర్చాలి.