ఆయిల్ ఫిల్టర్ కడిగి వాడుకునే వస్తువు కాదు

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఆయిల్ ఫిల్టర్ మార్చమనడం దోపిడీ. పెట్రోల్‌లో కడిగి గాలి కొడితే కొత్తదే. కొనాల్సి వస్తే జేసీ రోడ్డులో థ్రెడ్ సరిపోయేది ఏదైనా చాలు. హౌసింగ్ కూడా పెట్రోల్‌తో కడిగి పాత రింగే వేసేయండి." (జేసీ రోడ్డంటే బెంగళూరులో బండ్ల విడిభాగాల బజారు. హౌసింగ్ అంటే ఫిల్టర్ కూర్చునే గిన్నె, రింగంటే ఆయిల్ కారకుండా దాని మూతకు వేసే రబ్బరు చుట్టు.) కారున్నవాళ్లు దయచేసి ఇది నమ్మకండి.

మొదట కడగడం సంగతి. కారు ఫిల్టర్‌లో ఉండేది మడతలు పెట్టిన కాగితం, లేదా సింథటిక్ పొర. కంటికి ఆనని లోహపు రజను దాని లోపలి పోగుల్లో ఇరుక్కుంటుంది, కడిగితే పూర్తిగా రాదు. గట్టిగా గాలి కొడితే మడతలు చిరగొచ్చు, అతికిన చోట ఊడొచ్చు. ఫిల్టర్ పూడుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని, ఆయిల్ వడకట్టకుండానే ఇంజిన్‌లోకి పోతుంది. ఆయిల్ అసలు అందకపోవడం కన్నా మురికిదైనా అందడం మేలని ఆ ఏర్పాటు. ప్రెషర్ తగ్గదు కాబట్టి చాలా కార్లలో ఏ హెచ్చరిక దీపమూ వెలగదు. బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆన్‌లోనే నిలబడే కార్ల కష్టం కిలోమీటర్ల లెక్కలో కనిపించదు. అందుకే ఫిల్టర్ మార్చడానికి మాన్యువల్లో ఇచ్చిన నెలల గడువు కూడా చూడాలి.

కడిగి వాడొచ్చనే మాట బైకుల నుంచి వచ్చి ఉంటుంది. స్ప్లెండర్ లాంటి వాటిలో కాగితం ఫిల్టర్ ఉండదు, లోహపు జాలీ, గిర్రున తిరుగుతూ మురికిని అంచుకు విసిరే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. వాటిని కడగాల్సిందే. కాగితానికి ఆ పద్ధతి పనికిరాదు.

ఇక థ్రెడ్, అంటే ఫిల్టర్‌ను ఇంజిన్‌కు బిగించే మర. ఇంజిన్ మీది మర ముప్పావు అంగుళం అనుకోండి, అంటే 19.05 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ దాని మీద వదులుగా ఎక్కేస్తుంది, తర్వాత ఆయిల్ ప్రెషర్‌కు ఊడిపోవచ్చు. గ్యాస్కెట్ (ఫిల్టర్ ఇంజిన్‌కు ఆనే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టు) సైజు, బైపాస్ వాల్వ్ తెరుచుకునే ప్రెషర్ కూడా ఇంజిన్‌ను బట్టి మారతాయి. జేసీ రోడ్డులోనే కొనండి, తప్పులేదు. పార్ట్ నంబర్ చెప్పి కొనండి.

నాకు ఎక్కువ భయం పెట్రోల్‌తోనే. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. హౌసింగ్‌లో మిగిలిన పెట్రోల్ కొత్త ఆయిల్‌ను పల్చన కూడా చేస్తుంది. ఇంజిన్ చల్లారాక, గ్లవ్స్ వేసుకుని, పోగులు రాలని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. లోపలికి గాలి కొట్టొద్దు, మురికి వెళ్లి ఆయిల్ దారుల్లో చేరుతుంది.

రింగ్ వేడికి గట్టిపడుతుంది, ప్రతిసారీ కొత్తదే వేయాలి. స్పిన్-ఆన్ రకంలో (డబ్బాలా మొత్తంగా తిప్పి బిగించేది) పాత గ్యాస్కెట్ ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోవచ్చు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాయండి. ప్లాస్టిక్ మూత ఉంటే బలమంతా చూపించకండి. చాలా మూతల మీద 25 న్యూటన్ మీటర్లని అచ్చువేసి ఉంటుంది, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) అంతే బిగించండి. ఆయిల్ పోశాక ఇంజిన్ ఒక నిమిషం నడిపి, కింద చుక్క పడుతోందేమో చూసి, ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్‌తో మట్టం చూడండి.