సగం మాత్రకే మేలుకునే జన్యువు

"మందుకు లొంగని జన్యువుకు బ్యాక్టీరియాలో రిప్రెసర్ ప్రోటీన్ తాళం వేసి ఉంచుతుంది. పెద్ద డోసు పడితేనే ఆ తాళం ఊడుతుంది. అందుకే యాంటీబయాటిక్ సగం మాత్రే వేసుకోండి." ఈ సందేశం నా ఫోనుకు మళ్లీ మళ్లీ వస్తోంది. పంపేవాళ్లంతా చదువుకున్న స్నేహితులు. పంపే ముందు ఒక్కరైనా ఆగి ఆలోచించారా?

ఆ సందేశంలోని చిన్న తప్పులు ముందు తేల్చేద్దాం. రిప్రెసర్ తాను ఆపి ఉంచే జన్యువును "నాశనం" చేస్తుందని అందులో ఉంది, కానీ చేయదు. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారదు. అందులో అన్నట్టు ఈ తాళం సంగతి "నిన్నమొన్న కనిపెట్టినది" కూడా కాదు. జాకబ్, మోనో అనే శాస్త్రవేత్తలు 1961లోనే ఈ నమూనా ప్రతిపాదించారు. 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ లాక్ రిప్రెసర్‌ను, అంటే పాలలోని చక్కెర లాక్టోజ్‌ను వాడుకునే జన్యువులకు తాళం వేసే ప్రోటీన్‌ను, వేరుచేసి చూపారు.

"తాళం పడితే చుక్క కూడా కారదు", అంటే మూసిన జన్యువు నుంచి ప్రోటీన్ ఏమాత్రం తయారవదు, అని కూడా అందులో ఉంది. అది అంతకన్నా పెద్ద పొరపాటు. లాక్ రిప్రెసర్‌ను డీఎన్‌ఏ నుంచి వదిలించేది లాక్టోజ్ నుంచి తయారయ్యే అల్లోలాక్టోజ్. లాక్టోజ్‌ను అలా మార్చేది బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము. ఆ ఎంజైమును తయారుచేసేది మూసి ఉందంటున్న జన్యువే! కాస్తయినా కారకపోతే అది ఎప్పటికీ తెరుచుకోదు.

ఇక సగం మాత్ర. ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి. టెట్‌ఆర్ అనే రిప్రెసర్, ఆపరేటర్ అనే డీఎన్‌ఏ భాగాన్ని పట్టుకుని, మందును బయటికి తోసే పంపు జన్యువును ఆపి ఉంచుతుంది. మెగ్నీషియంతో కలిసిన టెట్రాసైక్లిన్ లోపలికి వచ్చి టెట్‌ఆర్‌కు అతుక్కోగానే దాని ఆకారం మారి, డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. మందు అసలు దెబ్బతీయాల్సింది బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమును. కానీ అది రైబోజోముకన్నా టెట్‌ఆర్‌కే ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. అంటే బ్యాక్టీరియాను ఆపడానికి చాలని మోతాదు కూడా పంపును తయారుచేయించడానికి చాలు. సందేశం చెప్పినదానికి ఇది పూర్తిగా విరుద్ధం. పైగా నిరోధక జన్యువులన్నీ రిప్రెసర్ అదుపులో ఉండవు, ఏ మందూ లేకపోయినా పనిచేస్తూనే ఉండేవి ఎన్నో. వాటి ముందు సగం మాత్ర ఏం చేస్తుంది? మందుకు లొంగే బ్యాక్టీరియాలో కొన్నింటిని చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేస్తుంది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. "అనవసరంగా జన్యువు తెరిచి ఉంచితే బ్యాక్టీరియాకే నష్టం" అని ఆ సందేశంలో ఉంది. అది అక్షరాలా నిజం. పంపు ప్రోటీన్ అతిగా తయారైతే కణపొర దెబ్బతింటుంది. అందుకే మందు పోగానే టెట్‌ఆర్ మళ్లీ ఆపరేటర్‌ను పట్టుకుంటుంది. ఇంత సరిగ్గా రాసిన చేయి తర్వాతి వాక్యంలో డోసు తగ్గించమని ఎలా రాయగలిగింది?

దీన్ని ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇది తప్పని ఈరోజే చెప్పండి. డోసు ఎంతో, ఎన్నాళ్లో డాక్టరు చెప్పాలి.