తడి ఆరకముందే

తరగతి గదికి రంగు వేయాలంటే జోడీ కుదరాలి. ఒకరు బ్రష్షుతో మూలలు, కిటికీ అంచులు, స్విచ్చు బోర్డుల చుట్టూ వేసుకుంటూ పోతే, వెనకే మరొకరు రోలర్‌తో అందుకుంటూ రావాలి. ముందున్నవాడు చురుకుదనం చూపించి గది చుట్టూ అంచులన్నీ ముగించి కూర్చున్నాడా, రోలర్ వచ్చేసరికి ఆ తడి ఆరిపోతుంది. గోడ ఆరాక చూస్తే చుట్టూ పటం కట్టినట్టు ముదురు చార! చెడ్డవాడు పాడుచేసిన పని కాదది. బాగా పనిచేసేవాడు పక్కవాణ్ణి చూసుకోకుండా చేసిన పని.

సమష్టి కృషి గురించి పిల్లలు పాఠాలు చదువుతారు, పరీక్షలో నాలుగు వాక్యాలు రాస్తారు. వారికి ఈ చార ఒక్కసారి చూపించాలి.

అందుకు వీలు లేకపోలేదు. చేతిపని ద్వారానే చదువు సాగాలని గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు అంటూ పేర్లూ చెప్పింది. గోడలకు రంగులు వేసే మేస్త్రీ మాత్రం ‘తదితరుల్లో’ చోటు వెతుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘నాడు-నేడు’లోనూ, తెలంగాణలో 2022 నాటి ‘మన ఊరు - మన బడి’లోనూ రంగులు వేయడం ఒక పద్దు. పద్దుగానే ఉండిపోయింది, పాఠం కాలేదు. ఇకపై బడికి రంగులు వేయించేటప్పుడు ఒక్క గదినైనా పిల్లలకు వదిలిపెట్టాలని మా సూచన.

ఆ గదికి మేస్త్రీ గురువుగా రావాలి, గౌరవ వేతనం తీసుకునే గురువుగా. పొడవు, ఎత్తు కొలిచి, తలుపులూ కిటికీలూ తీసేసి, ఎన్ని లీటర్లు పడుతుందో పిల్లలే లెక్కగట్టాలి. పగుళ్లకు లప్పం పెట్టాలి, ఆరేదాకా ఆగాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి. రంగు చూడటానికి అందరూ వస్తారు. రుద్దడానికీ, సాయంత్రం బ్రష్షులు కడగడానికీ ఎవరూ రారు. అసలు చదువు అక్కడే ఉంది. ఆ పనులు వంతులవారీగా అందరికీ పడాలి. ఆడపిల్లలకు అంచున పూలతీగలు, మగపిల్లలకు రోలర్లు అనే పంపకం మన బడుల్లో తనంతట తానే జరిగిపోతుంది కాబట్టి, టీచర్లు దాన్ని పనిగట్టుకుని ఆపాలి.

పిల్లల చేత చాకిరీ చేయిస్తున్నారని తల్లిదండ్రులు కోప్పడితే తప్పుపట్టలేం. అధికారి వస్తున్నాడని ముందురోజు పిల్లల చేతికి చీపుళ్లిచ్చే బడులు మనకు తెలియనివి కావు. కూలి డబ్బు మిగుల్చుకోవడానికైతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. నిచ్చెనలు, పరంజాలు పిల్లలకు వద్దు. నేల మీద నిలబడితే చేయి అందినంత మేరే వారిది, పైభాగం మేస్త్రీది. నీటితో కలిపే రంగులే వాడాలి. మరో జాగ్రత్త చాలామందికి తట్టదు. ఇళ్లకు వాడే రంగుల్లో విషపూరితమైన సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆయిల్ పెయింట్ వేసిన పాత తలుపులు, కిటికీలను పిల్లల చేత గీకించకూడదు. ఆ దుమ్ములో ఏముందో కంటికి కనబడదు.

మార్కులు వేయక తప్పదనుకుంటే గోడకు వేయాలి, జట్టులో అందరికీ అవే మార్కులు. చార పడితే పడనివ్వాలి. వార్షికోత్సవానికి ముందురోజు మేస్త్రీని పిలిపించి గుట్టుగా సరిచేయించకుండా ఆ గోడను అలాగే ఉంచితే, వచ్చే ఏడాది పిల్లలు ఉప్పు కాగితం పట్టుకుని పని మొదలుపెట్టేది దాని ముందే.