కాంప్టన్ లెక్కల ఆ తీసివేత బంద్ చెయ్యుండ్రి

నల్లగొండల, పాలమూరుల డిగ్రీ పోరగాండ్ల నోట్సులు చూస్తే కాంప్టన్ ప్రభావం (ఫోటాన్ అనే కాంతి కణం ఎలక్ట్రాన్‌కు తాకి మళ్లితే దాని తరంగదైర్ఘ్యం పెరుగుడు) కాడ చానామంది ఒక్కతీరుగనే పడిపోతరు. తరంగదైర్ఘ్యం ఎంత పెరిగిందో మంచిగనే తేలుస్తరు. ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం అడగంగనే, వచ్చిన ఫోటాన్ ద్రవ్యవేగంలకెంచి పోయిన ఫోటాన్‌ది తీసేసి చేతులు దులుపుకుంటరు.

1923ల కాంప్టన్ వాడిన మాలిబ్డినం ఎక్స్ కిరణాన్నే తీస్కోండి. 71.1 పీకోమీటర్లు. 90 డిగ్రీలకు మళ్లితే 2.43 కలిసి 73.5 అయితది. (3.51 కలిసిందంటే క్యాలిక్యులేటర్ రేడియన్ల ఉన్నట్టు.) ప్లాంక్ స్థిరాంకాన్ని వీటితోని భాగిస్తే ద్రవ్యవేగాలు 9.32, 9.01. అన్నీ 10⁻²⁴ కిలోగ్రామ్ మీటర్ పర్ సెకండ్‌లల్ల. తీసేస్తే 0.31. అసలు జవాబు 12.96! 42 రెట్ల తేడా.

మోసం ఏడుందంటే, సరిచూసుకున్నా తప్పు దొరకదు. ఎలక్ట్రాన్‌కు దక్కిన శక్తి 576 ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని కాంతి వేగంతోని భాగిస్తే మళ్ల అదే 0.31. రెండు దారులు కలిసినయని టిక్కు కొడ్తరు. కలవక ఏం చేస్తయి? రెండూ ఒకటే లెక్క. శక్తిని కాంతి వేగంతోని భాగించుడు ద్రవ్యరాశి లేని ఫోటాన్‌కే చెల్లుతది, ఎలక్ట్రాన్‌కు కాదు.

ద్రవ్యవేగానికి దిశ గూడ ఉంటది, ఉత్త అంకెలు తీసేస్తే కుదరదు. క్లాక్ టవర్ కాడికెంచి ఒక ఆటో తూర్పుకు, ఇంకోటి ఉత్తరానికి తొమ్మిదేసి కిలోమీటర్లు పోయినయనుకో. తొమ్మిదిలకెంచి తొమ్మిది పోతే సున్నా, రెండాటోలు ఒక్కతాన్నే ఉన్నయంటవా?

ముందుకు పోయే భాగం: 9.32లకెంచి, 9.01ని కోణం కొసైన్‌తోని గుణించి తీసేయాలె. 90 కాడ కొసైన్ సున్నా, గందుకే 9.32 మొత్తం ఎలక్ట్రాన్‌కే. ఫోటాన్ పైకి పోయింది గాబట్టి ఎలక్ట్రాన్‌కు కిందికి 9.01. వర్గాలు కలిపి మూలం తీస్తే 12.96, దిశ 44 డిగ్రీలు కిందికి. ఈ 12.96 వర్గాన్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి రెండింతలతోని భాగించు, 576 ఎలక్ట్రాన్ వోల్టులు వాపస్ రావాలె. సరిచూసుడంటే గిది.

ఇగ గీ సరిచూసుడు గామా కిరణం కాడ పనిచెయ్యదు. సీజియం-137 ఫోటాన్‌ది 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. తిరిగి ఎన్కకు వస్తే దానికి మిగిలేది 184. ఈడ ద్రవ్యవేగాలు కలపాలె, కాంతి వేగంతోని గుణించి చూస్తే 846. వర్గాన్ని ద్రవ్యరాశికి రెండింతలతోని భాగించే ఆ పాత సూత్రంల పెడితే గతిజశక్తి 700 అంటది, అంటే వచ్చినదానికన్న ఎక్కువ! ఎలక్ట్రాన్ నిశ్చల శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 846, 511ల వర్గాలు కలిపి మూలం తీసి, అండ్లకెంచి 511 తీసెయ్యి. దాదాపు 478 వస్తది. 662లకెంచి 184 పోయినా మిగిలేది గంతే.