సస్పెన్షన్ లెటర్ చూపిస్తే మందు మానేస్తారా?

విజయనగరం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఇదే తంతు. ఫ్రెషర్స్ పార్టీ మర్నాడు హాస్టల్ గదుల్లో సోదా, మంచాల కింద ఖాళీ సీసాలు, ఇద్దరు ముగ్గురికి సస్పెన్షన్, పార్వతీపురం నుంచో పలాస నుంచో తండ్రిని రప్పించి అందరి ముందూ చీవాట్లు. వారం తిరక్కుండా సిట్టింగ్ మళ్ళీ మొదలు. కాకపోతే ఈసారి ఊరి బయట తోటలో. బైకుల మీద వెళ్ళి, తాగి, ఆ బైకుల మీదే వస్తారు. మనం సాధించింది అదీ!

మన రాష్ట్రంలో 21 నిండనివాడికి మందు అమ్మకూడదు. 2024 అక్టోబరులో కొత్త పాలసీతో క్వార్టర్ 99 రూపాయలకే వచ్చింది. షాపులో వయసు అడిగినవాణ్ణి నేనైతే చూడలేదు. సరే, ఆ తిట్లు ఇంకోసారి.

నా భయం వేరు. 30 మి.లీ. విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే అలాంటివి ఆరు. లివర్ గంటకి దాదాపు ఒక్కదాన్నే అరిగించగలదు. పందెం కట్టి, ఖాళీ కడుపుతో అరగంటలో క్వార్టర్ లేపేసి పడిపోయినవాడికి "ఏటీ అవదురా, పడుకుంటే దిగిపోద్ది" అని దుప్పటి కప్పేస్తారు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోవచ్చు. వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, దగ్గర ఒకడుండాలి, లేపితే లేవకపోతే 108కి ఫోన్ కొట్టాలి. ఎవడు కొడతాడు? అంబులెన్సు వస్తే వార్డెన్‌కి తెలుస్తుంది, తెలిస్తే సస్పెన్షన్. ఫోన్ చేసినవాడి మీదా, పడిపోయినవాడి మీదా చర్య ఉండదని నోటీసు బోర్డులో పెట్టండి. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఈ రూలుంది.

ఆడిటోరియం ఉపన్యాసాలు కూడా ఆపండి. వెనక బెంచీల్లో రీల్స్ చూసుకుంటున్నారు. అమెరికాలోని సియాటిల్‌లో మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ బృందం 1990ల్లోనే చేసి చూపించింది: విద్యార్థిని ఒక్కణ్ణే కూర్చోబెట్టి, తిట్టకుండా, ఎంత తాగుతున్నాడో, దానివల్ల ఏం పోతోందో, తోటివాళ్ళు నిజానికి ఎంత తాగుతున్నారో మాట్లాడితే తాగుడు తగ్గింది. "అందరూ తాగుతున్నారు సార్" అన్న నమ్మకం చాలాసార్లు తప్పే. పొద్దున్నే చేతులు వణికే స్థాయికి వెళ్ళినవాడి సంగతి వేరు. ఒక్కసారిగా మానిపించడం ప్రమాదం, వాణ్ణి డాక్టరుకే చూపించాలి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కాలేజీలో ఒక కౌన్సెలర్‌ని పెట్టమంటే "బడ్జెట్ లేదండీ" అంటారు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ టీమ్ వస్తోందంటే గోడలకి రంగులేయించడానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ బడ్జెట్టు!